మొక్కకు లెక్కున్నది, మానుకు లెక్క లేదు

కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగ ఎల్లారెడ్డికి బండి మీద పోయేటోళ్లకు తెలుసు, ఆ తొవ్వల నీడ ఎక్కడెక్కడ ఉంటదో. ఎండకాలం పెద్ద చింతచెట్టు కిందికి రాంగనే పానం సల్లబడ్తది. నేను కూడా ఒకప్పుడు ఆ నీడ కోసమే బండి ఆపుతుంటి. రెండేండ్ల సంది మాత్రం చెట్టు కింద ఆగే ముందు పైకి చూస్తున్న. ఏ కొమ్మ ఎండింది, ఏ బోదె తొర్రపోయింది, ఏ మొదలు కాలి నల్లగైంది అని. బండి నడుపుకుంట మొగులు చూస్తవేందని ఇంట్ల తిడుతున్నరు.

ఎండలు ముదురుతున్నయి. ఇగ గాలిదుమారాలు షురూ అయితయి. ఏప్రిల్, మే నెలలల ఏ పేపర్ జిల్లా పేజీ తీసినా నాలుగు లైన్ల వార్త ఒకటి కనపడ్తది. చెట్టు కూలి వ్యక్తి మృతి. ఆ వార్తల తప్పు ఎవరిది? చెట్టుది. లారీ గుద్దితే డ్రైవర్ మీద కేసు అయితది. కరెంటు తీగ తెగి పడితే ఆఫీసు ముందట ధర్నా అయితది. చెట్టు పడితే మాత్రం మనోళ్లు కూడా 'ఆయుష్షు తీరింది' అని మట్టి పోసి వస్తరు.

2024 మే నెల యాది చేసుకోండ్రి. సికింద్రాబాద్ బొల్లారంల కంటోన్మెంట్ దవాఖానకు మొగుడు పెండ్లాలు స్కూటీ మీద వచ్చిన్రు. దవాఖానలకు పోంగనే పెద్ద చెట్టు మీద కూలింది. ఆయన చనిపోయిండు, ఆమెకు పెద్ద దెబ్బలు తాకినయి. ఆ వీడియో మనలో చానా మంది ఫోన్లల్ల చూసినం. అందుల గాలిదుమారం కనపడది, పట్టపగలు. అదే నెల 26న రాష్ట్రమంత గాలివాన వచ్చింది. శామీర్‌పేట, కీసర దిక్కు బండి మీద పోతున్న ఇద్దరి మీద చెట్టు పడి ఇద్దరూ పోయిన్రు. ఆ ఒక్క ఆదివారమే గోడలు కూలి, చెట్లు పడి, పిడుగులు పడి తెలంగాణల పది మందికి పైగ చనిపోయిన్రు.

ఈ రెండు సావులను ఒకే గాటన కట్టొద్దు అంట నేను. గాలికి పచ్చని చెట్టు కూడా పడొచ్చు. గాలి లేకుండ పడ్డ చెట్టు మాత్రం ఎన్నో రోజుల ముందుగాల్నే చెప్పి పడ్తది. ఆకు రాల్చి చెప్తది, బెరడు ఊడగొట్టుకొని చెప్తది, ఒక దిక్కు ఒరిగి చెప్తది. అది చెప్పింది వినేటందుకు జీతమిచ్చి పెట్టిన మనిషి ఎవరన్నదే ఇయ్యాల్టి ముచ్చట.

నా సొంత ముచ్చట ఒకటి చెప్త. మా దిక్కు ఒక బస్టాపు కాడ పాత చింతచెట్టు ఉన్నది. ఊరు పేరు రాస్తలేను, ఆఫీసుల పేర్లు కూడా రాస్తలేను. రెండేండ్ల కింద ఎండకాలంల చూస్తే సగం చెట్టు ఎండింది. మొదట్ల మనిషి చేయి పోయేంత తొర్ర. దాని కింద పొద్దున బడి పిల్లలు, పగటీలి చెరుకు రసం బండి, మాపటీలి మేస్త్రీలు. తెల్లకాయితం మీద దరఖాస్తు రాసుకొని ఒక ఆఫీసుకు పోయిన. 'రోడ్డు మాది కాదు కదా' అన్నరు. రోడ్డు ఎవరిదో ఆ ఆఫీసుకు పోయిన. 'రోడ్డు మాదే గానీ చెట్టు కొట్టాల్నంటే పర్మిషన్ వేరే వాళ్లది' అన్నరు. పర్మిషన్ ఇచ్చే ఆఫీసుకు పోతే 'సంబంధిత శాఖ నుంచి మాకు లెటర్ రావాలె' అన్నరు. లెటర్ రాయుమని మళ్ల రెండో ఆఫీసుకు పోతే, అక్కడ సారు మారిండు. కొత్త సారు ఫైలు అడిగిండు. నా దగ్గర ఫైలు ఏడుంటది? మొదటి దరఖాస్తుకు రసీదు తీసుకోలేదు. అది నా తప్పు, ఒప్పుకుంట. ఆ తప్పు ఎంత పెద్దదో తర్వాత తీర్పులు చదివినప్పుడు సమజైంది.

నేను వకీలును కాను. పదో తరగతితోనే బడి బందైంది. గ్రంథాలయంల, తర్వాత ఫోన్ల, తెలిసినోళ్లను అడుగుకుంట చదువుడు నేర్చుకున్న. చెట్టు పడి మనిషి పోతే ఎవరు బాధ్యులన్న దాని మీద మన సుప్రీంకోర్టు రెండేండ్ల తేడాతోని రెండు తీర్పులు ఇచ్చింది. రెండూ ఒకదానికొకటి ఎదురుగ ఉన్నట్టు కొడతయి. కుదురుగ చదివితే కాదు.

ఒకటి రాజ్‌కోట్ మున్సిపల్ కార్పొరేషన్ కేసు. 1975ల గుజరాత్‌ల ఒక చిన్న ఉద్యోగి డ్యూటీకి పోతుంటే రోడ్డు పక్క చెట్టు మీద పడి సచ్చిపోయిండు. కుటుంబం కింద కోర్టులల్ల గెలిచింది. 1997ల సుప్రీంకోర్టు దాన్ని తిప్పేసింది. చెట్టు పుచ్చిందని గానీ, అది పడ్తదని కార్పొరేషన్‌కు ముందుగాల తెలుసని గానీ రుజువు లేదన్నది. రోడ్డు మీద ప్రతి చెట్టుకు ఎప్పటికీ జిమ్మేదారీ మోపితే, చెట్లు పెట్టుడే బందు చేస్తరేమో అన్న రంధి కూడా ఆ తీర్పుల ఉన్నది.

ఇంకోటి ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసు. 1964 ఆగస్టుల ముప్పై ఏండ్ల మనిషి స్కూటర్ మీద ఇంటికి పోతుంటే కొమ్మ ఇరిగి తల మీద పడ్డది, తెల్లారి పానం పోయింది. 1999 మే నెలల సుప్రీంకోర్టు ఆ కుటుంబం దిక్కు నిలబడ్డది. ఎందుకంటే ఆ చెట్టుకు బెరడు లేదు, ఆకు లేదు, ఉత్త ఎండిన కొమ్మలే అని సాక్ష్యం దొరికింది. చెట్లను ఎప్పటికప్పుడు తనిఖీ చేసుడు, ఎండిన వాటిని, మీదికి ఒరిగిన కొమ్మలను తీసుడు తోటల శాఖ పని, అది చెయ్యకపోవుడు నిర్లక్ష్యమే అని కోర్టు చెప్పింది. 1964 నుంచి 1999. ముప్పై అయిదేండ్లు. ఆ ఇంట్ల అప్పటి పిల్లలకు నడీడు వచ్చి ఉంటది.

రెండు కేసులల్ల తేడా ఏంది? చట్టం మారలే. ఒక కాడ చెట్టు సచ్చిందన్న రుజువు దొరికింది, ఇంకో కాడ దొరకలే. చెట్టు పడ్డాక అది పొద్దుగూకేసరికి కట్టెలైపోతది. మొద్దు సుత లేకుండ తీస్తరు. రుజువు ఏముంటదంటే చెట్టు నిలబడ్డప్పుడు తీసిన ఫొటో, తారీఖుతోని ఇచ్చిన దరఖాస్తు, దాని మీద ముద్ర. నేను రసీదు తీసుకోని తప్పు ఎంత పెద్దదో ఇప్పుడు మీకూ తెలిసింది కదా. రేపు ఆ చింత కింద ఎవరన్న పోతే, 'మాకు ఎవరూ చెప్పలే' అని ఆఫీసోళ్లు అనొచ్చు. అది అబద్ధమని నాకు తెలుసు, కాయితానికి తెల్వది.

ఇప్పుడు మన రాష్ట్రంల కాయితాలు ఏం చెప్తయో చూద్దాం. 2015 జులైల హరితహారం షురూ అయింది. 230 కోట్ల మొక్కలని లెక్క పెట్టుకున్నరు. సర్కారు మారినంక 2024 నుంచి వన మహోత్సవం అంటున్నరు. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం రెండింట్లనూ నాటిన మొక్కలల్ల 85 శాతం బతకాలె అని రాసిన్రు, లేకపోతే పదవి మీదికి వస్తది. బడ్జెట్ల 10 శాతం పచ్చదనానికి పెట్టాలె. హరిత నిధి పేరు మీద ఉద్యోగుల జీతాల నుంచి, ఆఖరికి చదువుకునే పిల్లల అడ్మిషన్ల కాడ కూడా పైసలు తీసుకునే పద్ధతి పెట్టిన్రు. మంచిదే. నేను మొక్కలకు ఎదురు కాదు, మా వాడకట్టుల నేను పెట్టిన యాపలు ఇప్పుడు నీడనిస్తున్నయి.

ఇగ చెట్టు కొట్టాల్నంటే 2002ల వచ్చిన వాల్టా చట్టం ఉన్నది, అనుమతి తీసుకోవాలె. అదీ మంచిదే. అంటే చెట్టు పుట్టే రోజుకు ఒక రిజిస్టర్, సచ్చే రోజుకు ఒక రిజిస్టర్. నడుమ అరవై ఏండ్లు అది రోడ్డు పక్క నిలబడ్తది కదా, ఆ అరవై ఏండ్లు దాన్ని చూసేటందుకు రిజిస్టర్ ఏది? నేను తిరిగిన ఏ ఆఫీసుల కూడా 'మా రోడ్డు మీద ఇన్ని పెద్ద చెట్లున్నయి, ఫలానా తారీఖున చూసినం, ఇన్ని ఎండినయి' అన్న కాయితం నా కంటికి కనపడలే. జానెడు మొక్కకు జియో ట్యాగింగ్ ఉన్నది. నలుగురు చేతులు చాపితే గానీ అందని మానుకు నంబరు లేదు.

చెట్టు ఊకెనే సావది, మనమే సంపుతం. మన రోడ్ల మీద నాకు కనపడ్డవి చెప్త. ఒకటి నిప్పు. వరి కొయ్యకాలు కాలవెడ్తే ఒడ్డు దాటి మంట రోడ్డు పక్క చెట్టు మొదలుకు అంటుకుంటది. పైన ఆకు పచ్చగనే ఉంటది, కింద బోదె సగం బొగ్గైతది. ఏటేటా గట్లనే కాల్తే ఒకనాడు చిన్న గాలికే ఒరుగుతది. టౌన్‌ల హోటళ్లోళ్లు, దుకాణపోళ్లు చెత్త కూడా చెట్టు మొదట్లనే కాలవెడ్తరు. ఇది మన తప్పు, సర్కారు మీద ఏసుడు లేదు.

రెండోది సిమెంటు. కామారెడ్డిల, ఎల్లారెడ్డిల సీసీ రోడ్డు పడ్డ గల్లీలల్ల చెట్టు బోదె మెడ దాకా సిమెంటు పోసిన్రు. నీళ్లు ఇంకవు, వేరుకు గాలి ఆడది. 2013ల జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంల చెట్టు చుట్టు మీటరు దాకా సిమెంటు తీసెయ్యుమని ఆర్డర్ ఇచ్చింది. మన దగ్గర రోడ్డు ఏసే కాంట్రాక్టరుకు ఆ సంగతి చెప్పేటోళ్లు లేరు. దాని మీద పైపులైను కోసమో, కేబుల్ కోసమో, మోరీ కోసమో జేసీబీ పెట్టి చెట్టు పక్కపొంటి తవ్వుతరు. వేర్లు ఒక దిక్కువి మొత్తం తెగుతయి. పైన కరెంటోళ్లు తీగలకు తాకుతున్నయని ఒకే దిక్కు కొమ్మలు కొట్టి పోతరు. కింద ఒక దిక్కు పట్టు లేదు, పైన ఇంకో దిక్కు బరువు. గసొంటి చెట్టు పడకపోతే ఆశ్చర్యపోవాలె గానీ, పడితే కాదు. మూడు శాఖలు మూడు పనులు చేసి పోయినయి, మూడింటినీ కలిపి చూసే కన్ను ఒక్కటి లేదు.

మూడోది 2025 ఆగస్టు వాన. ఆ నెల 27, 28 తారీఖులల్ల మన జిల్లా ఎట్ల మునిగిందో చెప్పాల్సిన పని లేదు. రాజంపేట మండలం అర్గొండల ఒక్క రోజుల 40 సెంటీమీటర్లు దాటింది. రోడ్లు తెగినయి, భిక్కనూర్ దిక్కు రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది. రోడ్డు పక్క మట్టి కోసుకపోయిన కాడ వేర్లు బయటికొచ్చిన చెట్లు నేను చూసిన. తెగిన రోడ్లు మళ్ల ఏసిన్రు, ఏస్తున్నరు. ఆ వేర్ల మీద రెండు తట్టల మట్టి పోసుడు ఏ ఎస్టిమేట్‌ల రాసిన్రో నాకైతే తెల్వది.

మరి ఇవన్నీ ఎవరు చూడాలె? నేను మూడు ఆఫీసులు తిరిగినంక ఒక పెద్దమనిషి చెప్తే చదివిన ఒక సెక్షన్ ఉన్నది, మీరు తప్పక తెలుసుకోవాలె. పాత సీఆర్‌పీసీల సెక్షన్ 133. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్ష సంహిత వచ్చినంక అది సెక్షన్ 152 అయింది. పడిపోయి దగ్గరున్నోళ్లకు, తొవ్వ పోయేటోళ్లకు దెబ్బ తగిలించేటట్టున్న ఇల్లు, పందిరి, చెట్టు ఏదైనా ఉంటే, దాన్ని తీసెయ్యుమనో, దానికి ఊతం పెట్టుమనో ఆర్డర్ ఇచ్చే అధికారం సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు ఉన్నది. చెట్టు అన్న మాట ఆ సెక్షన్‌ల పేరు పెట్టి రాసి ఉన్నది. మనకు సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ అంటే ఆర్డీఓ. కామారెడ్డిల ఉన్నరు, ఎల్లారెడ్డిల ఉన్నరు, బాన్సువాడల ఉన్నరు. అంటే 'ఆ శాఖ, ఈ శాఖ' అన్న బంతాటను ఆపే కుర్చీ ఒకటి పక్కానే ఉన్నది. మనం ఆ కుర్చీ కాడికి భూమి పంచాదులకు పోతం, చెట్టు కోసం పోం.

ఇక్కడ నాకు ఒక భయం ఉన్నది, దాపెట్టకుండ చెప్త. 'చెట్లు పడ్తున్నయి, మనుషులు సస్తున్నరు' అని మనం గట్టిగ అంటే, కొందరు గొడ్డలి పట్టుకొని తయారైతరు. రోడ్డు ఎడల్పు కావాలన్నోళ్లు, దుకాణం బోర్డు కనపడ్తలేదన్నోళ్లు, కట్టె కోతమిషను వ్యాపారం ఉన్నోళ్లు. చేవెళ్ల రోడ్డు మీద తొమ్మిది వందల దాకా మర్రిచెట్లు ఉన్నయి, వాటి మీద ఏండ్లకేండ్లు హరిత ట్రిబ్యునల్‌ల కేసు నడిచింది. 2025 నవంబర్ 3న అదే రోడ్డు మీద మిర్జాగూడ కాడ కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్ది 19 మంది చనిపోయిన్రు. ఆనాటి సంది కొందరి కోపం మర్రిచెట్ల మీదికి మళ్లింది. రోడ్డు చిన్నగున్నది నిజమే. దానికి మర్రిచెట్టును దోషిని చేసుడు, 'చెట్టు కూలి మృతి' అన్న వార్త రాసుడు, రెండూ ఒక్కటే పని. మనిషి జిమ్మేదారీని మాను మీద ఏసుడు.

పచ్చని చెట్టు నూటికి తొంబై తొమ్మిది సార్లు ఎవరికీ ఏం చెయ్యది. బ్రిటన్‌ల లెక్కలు చూస్తే, ఆరు కోట్లకు పైగ మంది ఉన్న ఆ దేశంల చెట్లు, కొమ్మలు పడి సచ్చేటోళ్లు ఏడాదికి సగటున ఆరుగురు. కొట్టుకుంట పోతే వచ్చిన లెక్క కాదది. మనుషులు తిరిగే కాడ, బడి ముందట, బస్టాపు కాడ, మార్కెట్ల ఉన్న చెట్లను ఒక పద్ధతిగ చూసుకుంటరు. అడవిల మోడును అట్లనే ఇడుస్తరు. ఎక్కడ మంది ఉంటరో అక్కడ చూపు ఉండాలె, గంతే.

మన దగ్గర కూడా చేసి చూపెట్టిన్రు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి తెలుసు కదా. 2017 డిసెంబర్ల చెదలు పట్టి పెద్ద కొమ్మ ఇరిగి పడ్డది. వెంటనే లోపటికి మందిని రానియ్యుడు బందు పెట్టిన్రు. 2018ల సెలైన్ సీసాలల్ల చెదల మందు కలిపి చెట్టుకు ఎక్కించిన్రు, కొమ్మలకు కింద ఊతాలు కట్టిన్రు. ఏండ్లు పట్టింది, చెట్టు దక్కింది. పేరున్న చెట్టు గనుక దవాఖానల పేషెంటు లెక్క చూసుకున్నరు. మా బస్టాపు చింతకు సెలైన్ ఎక్కించుమని నేను అడుగుతలేను. ఎండిన కొమ్మ కొట్టి, తొర్ర చూసి, బతుకుతదా లేదా చెప్పుమంటున్న.

2025 డిసెంబర్ల పంచాయతీ ఎలక్షన్లు అయినయి. దాదాపు రెండేండ్లు స్పెషల్ ఆఫీసర్ల చేతుల ఉన్న ఊర్లకు కొత్త సర్పంచులు వచ్చిన్రు. వాళ్లల్ల చానా మంది మీ ఈడోళ్లే, మీతోని క్రికెట్ ఆడినోళ్లే. గ్రామసభల నర్సరీ లెక్క చదివేటప్పుడు లేచి అడుగుండ్రి, మన ఊర్ల పెద్ద చెట్లు ఎన్ని, ఎవరు చూసిన్రు, ఎప్పుడు చూసిన్రు అని. నవ్వుతరు. నవ్వనియ్యుండ్రి, తీర్మానం పుస్తకంల మాత్రం రాయించుండ్రి.

చేతిల ఫోను ఉన్నది కదా. బడి గేటు ముందట, అంగడి కాడ, అమ్మవారి గుడి కాడ, జాతర జరిగే జాగల ఎండిన చెట్టు ఉంటే తారీఖు, లొకేషన్ పడేటట్టు ఫొటో తియ్యుండ్రి. దరఖాస్తు రెండు కాపీలు రాసి ఒకదాని మీద ముద్ర ఏయించుకోండ్రి. ముద్ర ఎయ్యమంటే స్పీడ్ పోస్టు చెయ్యుండ్రి. ఏ రోడ్డు ఏ శాఖదో తెల్వకపోతే సమాచార హక్కు కింద అడుగుండ్రి. పంచాయతీల దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, పైన 10 రూపాయలు, 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. 'ఈ రోడ్డు మీద చెట్లను చివరిసారి ఏ తారీఖున తనిఖీ చేసిన్రు, రిపోర్టు కాపీ ఇయ్యుండ్రి' అని ఒక్క సవాల్ చాలు. 'తనిఖీ చెయ్యలేదు' అని రాసిచ్చినా అది మీ చేతిల సాక్ష్యమే. జరగరానిది జరిగి ఏ ఇంట్లనైనా మనిషి పోతే, పోస్టుమార్టం, పంచనామా కాయితాలు, పడ్డ చెట్టు మొదలు ఫొటోలు ఆ రోజే దగ్గర పెట్టుకోండ్రి. తొర్ర, చెదలు, బొగ్గు కనపడేటట్టు తియ్యుండ్రి, రేపటికి మొద్దు ఉండది. ఎస్సీలు, ఎస్టీలు, ఆడోళ్లు అయితే ఆమ్దానీతోని పని లేకుండ న్యాయ సేవాధికార సంస్థ ఉత్తగనే వకీలును ఇస్తది, జిల్లా కోర్టుల అడిగితే చెప్తరు.

మొన్న మళ్ల ఆ బస్టాపు కాడికి పోయిన. చింతకు ఈ ఏడు ఒక్క దిక్కే చిగురొచ్చింది. తొర్రల ఎవరో బీరు సీసాలు పెట్టిన్రు. చెరుకు రసం పోరగాడు బండిని జర అవుతలికి జరుపుమంటే, 'అన్నా, నీడ ఇక్కడనే ఉన్నది కదా' అన్నడు. నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు తీసిన. వాని మాట సుత దరఖాస్తుల రాసిన. సెక్షన్ 152 అని పైన పెద్దక్షరాలతోని పెట్టి, రెండు కాపీలు తీసి సంచిల పెట్టుకున్న. సోమవారం ఆర్డీఓ ఆఫీసుకు పోతున్న. ఈసారి ముద్ర పడేదాకా అక్కడ్నుంచి లేవ.